పిలిచే బండ

ఛోంగ్‌రి కొండ మీద రెండో క్యాంపుకీ మూడో క్యాంపుకీ మధ్య ఒక నల్లబండ ఉంది. చుట్టూ కనుచూపు మేర తెలుపు... అదొక్కటే నలుపు. ఎంత మంచు కురిసినా దాని మీద నిలవదు. దాని కింద, గాలి తగలని వైపు, ఇద్దరు మనుషులు నడుం వాల్చేంత చోటుంటుంది. రొప్పుతూ ఎక్కివచ్చేవాడికి ఆ దారి మొత్తంలో అంత మంచి చోటు ఇంకోటి లేదు.

అయినా అక్కడ ఎవరూ కూర్చోరు.

దాన్ని పిలిచే బండ అంటారు. చాలా ఏళ్ళ కిందట ఎవరో ఒక మోతగాణ్ణి, కాళ్ళు పడిపోతే, ఆ బండ కింద కూర్చోబెట్టి "ఇదిగో, వచ్చేస్తున్నాం" అని దిగిపోయారట. రాలేదు. అతని పేరేమిటో, ఏ ఊరో... ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతారు. శవం మాత్రం ఎవరికీ దొరకలేదు. అప్పట్నించీ పొద్దువాలాక ఆ పక్కగా పోయేవాళ్ళకి పిలుపు వినిపిస్తుందని చెప్పుకుంటారు. పేరు పెట్టి కాదు. "అన్నా... ఓ అన్నా..." అని. అంతే.

పలక్కూడదు. తిరిగి చూడకూడదు. మంత్రం నోట్లో పెట్టుకుని, తల దించుకుని దాటిపోవాలి.

గ్యాల్జెన్ కూడా అలాగే దాటేవాడు. రోల్వాలింగ్ లోయ మనిషి. నలభై రెండేళ్ళు. కొండలెక్కే సరదాతో వచ్చే మెంబర్లని పైకి తీసుకెళ్ళి, ప్రాణాలతో కిందికి దింపడం అతని పని. ఇరవై ఏళ్ళుగా అదే పని. దెయ్యాలున్నాయని నమ్ముతావా అని ఎవరైనా అడిగితే, "నమ్మకం లేదు గానీ, భయం మాత్రం ఉంది" అనేవాడు.

ఆ రోజు సాయంత్రం గ్యాల్జెన్, అతని బావమరిది తెంజీ మూడో క్యాంపులో గుడారం వేసి, గ్యాసు డబ్బాలూ తిండీ అందులో పెట్టి కిందికి దిగుతున్నారు. పొద్దు అప్పుడే కుంకింది. నల్లబండకి ఇరవై అడుగులు ఇవతలగా ఉంది దారి. తెంజీ అప్పటిదాకా ఏదో పిచ్చి పాట పాడుతున్నవాడు, బండ కనబడగానే పాట ఆపేశాడు.

"అన్నా..."

ఇద్దరూ విన్నారు. ఇద్దరూ ఆగలేదు.

"ఓ అన్నా... ఆగన్నా..."

తెంజీ నోట్లో "ఓం మణి పద్మే హూం" గడగడా దొర్లుతోంది. గ్యాల్జెన్ బూట్ల కింది ఇనుప ముళ్ళు మంచుని కరుచుకుంటూ, జారుతూ, మళ్ళీ కరుచుకుంటూ... పరుగో నడకో తెలియని దిగుడు.

వెనక దగ్గు వినిపించింది.

పొడిదగ్గు. ఆగి ఆగి, ఊపిరందక, మళ్ళీ దగ్గు. తర్వాత గాలి. ఇంకేం లేదు.

రెండో క్యాంపు చేరాక నూడుల్స్ ఉడుకుతున్నంత సేపూ తెంజీ అవసరానికి మించి నవ్వాడు.

"బావా, నువ్వు పలకలేదు కదా?"

"లేదు."

"మనసులో కూడా పలకలేదు కదా?"

"నోరు మూసుకుని తిను."

దీపం ఆర్పేశాక, స్లీపింగ్ బ్యాగులో అటూ ఇటూ దొర్లి దొర్లి, గ్యాల్జెన్ చీకట్లోకి అన్నాడు—

"తెంజీ... దెయ్యానికి దగ్గెందుకొస్తుందిరా?"

తెంజీ అటు తిరిగి పడుకున్నాడు.

"వస్తే రానీ. దగ్గుతోనే పోయాడేమో పాపం. అక్కడ మందిచ్చే నాథుడెవడున్నాడు? పడుకో బావా."

గ్యాల్జెన్‌కి నిద్ర పట్టలేదు. దగ్గుల్లో తేడాలు అతనికి తెలుసు. ఎత్తుకి అలవాటుపడని ఊపిరితిత్తులు దగ్గే దగ్గు ఒకటి, చలిగాలి గొంతు కోసేసిన దగ్గు ఒకటి. అతను విన్నది ఆ రెండోది. బతికున్న మనిషి దగ్గు. లేచి వెళ్దామా అనుకున్నాడు. చీకటి, గాలి, ఆ బండ... దుప్పటి ముసుగు పెట్టుకున్నట్టు బ్యాగు నెత్తి మీదికి లాక్కున్నాడు. ఆ రాత్రి తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా లేవలేదు.

తెల్లవారగానే చేసిన మొదటి పని వాకీటాకీలో బేస్ క్యాంపుని పిలవడం. వంటాయన పలికాడు.

"కొండ మీద ఎవరైనా తప్పిపోయారా?"

"ఎవరూ లేరు గ్యాల్జెన్. మూడు జట్లూ లెక్క సరిగ్గానే ఉంది. ఏం, ఏమైంది?"

"ఏం లేదు."

దెయ్యం దగ్గిందని చెబితే సీజనంతా నవ్వుతారు. వాకీటాకీ జేబులో పెట్టుకున్నాడు. లెక్క సరిగ్గా ఉందట. అయితే అది దెయ్యమే. ఆ మాటకి ప్రాణం కుదుటపడింది... అందుకు మళ్ళీ సిగ్గేసింది.

అప్పటికే ఆకాశం మూసుకొచ్చింది. శిఖరం లేదు, పక్క కొండలు లేవు. బూడిదరంగు ముద్ద ఒకటి క్యాంపు మీదికి దిగుతోంది. అలాంటి రోజున పైకి కదలడమంటే చావుని వెతుక్కుంటూ పోవడమే.

వాళ్ళ మెంబరు గ్రిగర్ గుడారం బయట బూట్లు బిగించుకుంటున్నాడు. యాభై ఆరేళ్ళ మనిషి, ఎద్దులాంటి ఒళ్ళు. ఈ కొండకి రావడం మూడోసారి. రెండుసార్లూ శిఖరం చూడకుండానే వెనక్కి పోయాడు.

"ఇవాళ మూడో క్యాంపుకి వెళ్తున్నాం," అన్నాడు.

"సార్, ఆకాశం చూడండి."

"చూశాను. రేపు పొద్దున్నించి మధ్యాహ్నం దాకా తెరిపి. తర్వాత వారం రోజులు గాలి. ఇవాళ పైకి చేరితే రేపు శిఖరం. చేరకపోతే ఇంటికి."

"దారిలో మంచు తొడల్దాకా ఉంటుంది. పైనుంచి మంచు విరుచుకుపడినా ఆశ్చర్యం లేదు."

గ్రిగర్ తల ఎత్తాడు. "నీకు భయమైతే చెప్పు. కింద ఇంకొకడున్నాడు, వాణ్ణి పిలిపించుకుంటాను. ఖాట్మండు వెళ్ళాక మీ ఆఫీసులో ఏం చెప్పాలో అదీ చెబుతాను."

తెంజీ తమ భాషలో గొణిగాడు. "ఈయనకి శిఖరం కావాలి, మనకి శవపేటికలు కావాలి. ఇద్దరికీ ఒకే దుకాణం."

గ్యాల్జెన్ నవ్వలేదు. తాడు తీశాడు. ముందు తను, మధ్యలో గ్రిగర్, వెనక తెంజీ. పదకొండింటికి బయల్దేరారు.

గంట గడవకముందే కొండ వాళ్ళ మీద పగబట్టింది.

మంచు పై నుంచి కురవడం లేదు, పక్కనుంచి కొడుతోంది. గళ్ళుప్పు గుప్పిళ్ళతో మొహాన కొట్టినట్టు. కనురెప్పలు అతుక్కుపోతున్నాయి. ముందే కట్టి ఉంచిన తాడు మంచు కింద పూడుకుపోయింది. గ్యాల్జెన్ వంగి, తవ్వి, లాగి, బారెడు తాడు పైకి తెస్తే ఒక్క బారెడు ముందుకి. మళ్ళీ వంగడం. మళ్ళీ లాగడం. రెండుసార్లు పైనెక్కడో "ధబ్" మని చప్పుడైంది. ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడ వాలుకి అతుక్కుపోయారు. ఏదో పెద్దది పక్క లోయలోకి జారిపోయింది... వాళ్ళ మీదికి పొడిమంచు చల్లి.

"వెనక్కి పోదాం సార్!"

గ్రిగర్ మంచు గొడ్డలితో పైకి చూపించాడు. అంతే.

మామూలుగా అయిదు గంటల దారి. నాలుగైంది, అయిదైంది... ఇంకా చాలా దారి ఉంది. వెలుగు తగ్గిపోయింది. తలకి కట్టుకున్న లైట్లు వేసుకున్నారు. వేసుకుంటే ఏముంది? చెయ్యి చాచినంత మేర గిర్రున తిరిగే మంచు, దాని వెనక చీకటి.

ఆ చీకట్లో ఎడమచేతి వైపు, అంతకంటే నల్లగా ఒకటి కనబడింది.

గ్యాల్జెన్ మెడ దించుకున్నాడు. మంత్రం ఎత్తుకున్నాడు. ఒక అడుగు. ఇంకో అడుగు—

"అన్నా..."

వెనక తాడు వదులైంది. తను ఆగిపోయాడని అప్పుడు తెలిసింది.

"ఓ అన్నా..."

అంత గాలిలోనూ శుభ్రంగా వినిపించింది. బొంగురు లేదు, రొప్పు లేదు. దగ్గు లేదు.

నిన్న దగ్గింది, అనుకున్నాడు గ్యాల్జెన్. ఇవాళ దగ్గడం లేదు. అది మనిషే అయితే... దగ్గే ఓపిక కూడా అయిపోతోందన్నమాట.

వెనకనుంచి తెంజీ తాడు పట్టుకుని పాక్కుంటూ వచ్చి అతని చెయ్యి పట్టేసుకున్నాడు. లైటు వెలుగులో వాడి గడ్డమంతా మంచు ముత్యాలు.

"నడు బావా. విన్నావు కదా, నడు."

"నువ్వూ విన్నావు."

"నేనేం వినలేదు! నా చెవులు గడ్డకట్టాయి. నడు!"

"వెళ్ళి చూస్తాను."

"పలికితే దిగిరావు బావా. మా అక్కకి నేనేం చెప్పుకోను?"

"నిన్న మీ బావ ఒకణ్ణి వదిలేసి పరిగెత్తాడని చెప్పు."

తెంజీ చెయ్యి వదిలేశాడు.

గ్యాల్జెన్ నోటికి అడ్డంగా ఉన్న గుడ్డ కిందికి లాగాడు. చలి గొంతులోకి కత్తిలా దిగింది. ఇరవై ఏళ్ళలో ఎవరూ చెయ్యని పని, తను మాత్రం చేస్తాననుకోని పని... చేశాడు.

"ఓయ్! ఎక్కడ?"

గాలి. మంచు.

"ఇటు."

ఒక్కటే మాట. బండ కిందనుంచి.

నడుముకి కట్టిన తాడు సాగినంత దూరం వెళ్ళాడు. ఇరవై అడుగులు... ఇరవై మైళ్ళు. బండ పక్కకి తిరగ్గానే గాలి ఆగిపోయింది, తలుపు వేసినట్టు. ఏనాటిదో చిరిగిన గుడారం గుడ్డ ఒకటి. దాన్ని ఒంటికి చుట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని, నడుం దాకా మంచులో కూరుకుపోయి... ఒక మనిషి.

లైటు మొహం మీద పడింది. మొహం బూడిదరంగు. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప పడలేదు.

గ్యాల్జెన్ ఇంకా దగ్గరికి వంగాడు.

అప్పుడు రెప్ప పడింది.

"తెంజీ! మనిషిరా! బతికున్నాడు!"

అతను హర్క. కింది లోయల రాయ్ కులం మనిషి, ఇంకో జట్టులో పనివాడు. వారం కిందట బేస్ క్యాంపులో గ్యాల్జెన్‌తో పేకాట ఆడి, ఓడిపోయి, మళ్ళీ ఆడదాం రమ్మని పోరినవాడు. ముందురోజు మధ్యాహ్నం మూడో క్యాంపు నుంచి ఒక్కడే దిగుతూ జారిపడి, దేక్కుంటూ బండ కిందికి చేరాడు. కుడికాలు మోకాలి కింద తిరగరాని వైపు తిరిగిపోయి ఉంది. పైనున్నవాళ్ళు కిందికి చేరాడనుకున్నారు. కిందివాళ్ళు పైనే ఉన్నాడనుకున్నారు. లెక్క అలా సరిపోయింది.

గ్రిగర్ వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

"ఇతను మన జట్టు కాదు."

తెంజీ హర్క కాళ్ళ మీది మంచు తవ్వుతూనే ఉన్నాడు.

"మూడో క్యాంపు ఇంకో రెండు గంటలు. వేడినీళ్ళు ఇచ్చి, బ్యాగులో పెట్టి... రేపు దిగేటప్పుడు—"

"రేపు దిగేటప్పుడు ఇతను ఉండడు సార్," అన్నాడు గ్యాల్జెన్. "మీరు వెళ్తానంటే తాడు విప్పేస్తాను. వెళ్ళండి. నేను కిందికి పోతున్నాను."

గ్రిగర్ తన భాషలో ఏదో తిట్టాడు. పెద్ద తిట్టే. మంచుని బూటుతో తన్నాడు. పైకి, శిఖరం ఉండాల్సిన వైపు, ఒకసారి చూశాడు. చీకటి తప్ప ఏమీ లేదక్కడ. తర్వాత వీపున మూట దించి, అందులోంచి చుట్ట చుట్టిన తన పరుపు లాగి హర్క పక్కన విసిరేశాడు.

స్లీపింగ్ బ్యాగులో తోసి, పరుపులో చుట్టి, తాళ్ళతో బిగించి శవాన్ని దింపినట్టే దింపారు. ముందు తెంజీ దారి తీస్తుంటే, వెనకనుంచి గ్రిగరూ గ్యాల్జెనూ తాడు వదులుతూ, ఆపుతూ... తొమ్మిది గంటలు. ఆ తొమ్మిది గంటల్లో గ్రిగర్ ఒక్క మాట మాట్లాడలేదు. కానీ ఆ తాడు పట్టు చూసి గ్యాల్జెన్ మనసులో దణ్ణం పెట్టుకున్నాడు. ఒకచోట వాలు మరీ నిటారుగా ఉంటే, మొత్తం బరువు ఆయనే నడుం మీద ఆపాడు.

రెండో క్యాంపు చేరేసరికి తెల్లవారుజాము. గ్యాల్జెన్ వాకీటాకీలో బేస్ క్యాంపుకి కబురు చెప్పాడు. చెంచాతో చక్కెర నీళ్ళు. చంకల్లో వేడినీళ్ళ సీసాలు. తెంజీ హర్క చేతులు తన చొక్కా లోపల, పొట్టకి ఆనించుకుని కూర్చున్నాడు, పళ్ళు కొరుక్కుంటూ.

"ఐసు ముక్కలు రెండు లోపలేసుకున్నట్టుంది బావా. పెళ్ళాన్ని కూడా ఇలా పట్టుకోలేదు నేను."

బయట గాలి ఆగింది. గుడారం గుడ్డ మీద లేత నీలం వెలుగు పడింది. అప్పుడు హర్క పెదాలు కదిలాయి.

గ్యాల్జెన్ చెవి దగ్గర పెట్టాడు. గాలి తప్ప శబ్దం లేని మాట.

"రెండో ఆయనేడి?"

"ఎవరు?"

"నా పక్కనున్నాయన."

తెంజీ మొహంలో నవ్వు ఆగిపోయింది.

"నీ పక్కన ఎవరూ లేరు తమ్ముడూ," అన్నాడు గ్యాల్జెన్. "నువ్వొక్కడివే. నువ్వు పిలిస్తేనే కదా మేం వచ్చాం."

హర్క తల అడ్డంగా ఊపాడు. ఊపడానికి చాలాసేపు పట్టింది.

"మొన్న సాయంత్రం పిలిచింది నేను. మీరాగలేదు."

గ్యాల్జెన్ చూపు కింద పడింది.

"ఆ రాత్రే నా గొంతు పోయింది. నిన్నంతా నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు... సాయంత్రం కింద మీ లైట్లు కనబడ్డాయి. అరుద్దామంటే గొంతులో ఏం లేదు. ఏడుపొచ్చింది. పక్కన ఆయన ఎప్పుడొచ్చి కూర్చున్నాడో తెలీదు. 'నువ్వు పడుకో తమ్ముడూ,' అన్నాడు. 'నేను పిలుస్తాను. నాకు అలవాటే,' అన్నాడు."

కొంచెం ఊపిరి తీసుకున్నాడు.

"మంచివాడు. మీరొచ్చి నన్ను చుడుతుంటే అలాగే చూస్తూ కూర్చున్నాడు. ఆయన్నెందుకు వదిలేశారన్నా?"

గ్రిగర్‌కి మాటలు అర్థం కాలేదు. "ఏమంటున్నాడు?" అన్నాడు.

గ్యాల్జెన్ వాకీటాకీ తీసి వంటాయన్ని పిలిచాడు.

"ఎవరైనా తప్పిపోయారా? సరిగ్గా చూసి చెప్పు."

"ఎవరూ లేరు."

"నిన్నా ఇదే మాటన్నావు."

"హర్క సంగతి తెలిశాక గుడారం గుడారం తిరిగి, ఒక్కొక్కణ్ణీ తట్టి లేపి లెక్కపెట్టాను గ్యాల్జెన్. మూడో క్యాంపులో ఇద్దరున్నారు. వాళ్ళిద్దరితోనూ ఇప్పుడే మాట్లాడాను. ఈ కొండ మీద ఇంకెవరూ లేరు."

గ్యాల్జెన్ బూట్లు వేసుకోవడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికి?" తెంజీ గొంతు కీచుగా వచ్చింది.

"పైకి."

"ఎవరూ లేరని చెప్పాడు కదా!"

"నేను ఎక్కడ అని అడిగాను. ఇటు అని చెప్పాడు. నువ్వూ విన్నావు." బూటు లేసు బిగించాడు. "హర్కకి గొంతు లేదు. మరి చెప్పిందెవరు? మనిషై ఉండి, మనం వాణ్ణి చీకట్లో చూసుకోకుండా వచ్చేసి ఉంటే?"

"మనిషి కాకపోతే?"

గ్యాల్జెన్ స్టవ్వు దగ్గరికి జరిగాడు. ఫ్లాస్కులో టీ నింపాడు. తెంజీ బండబూతులు తిడుతూనే తాడు భుజాన వేసుకున్నాడు. హర్కని గ్రిగర్‌కి అప్పజెప్పి ఇద్దరూ బయల్దేరారు.

మబ్బు తునక లేదు. శిఖరం మొత్తం బయటపడి, ఎండలో మెరుస్తూ, నిన్న ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. రాత్రి వాళ్ళు లాగిన దారి ఆనవాలు కూడా లేదు. అంతా పూడుకుపోయి, కొత్త మంచు మోకాలి లోతున, ఎవరూ తొక్కని పరుపులా ఉంది. పక్షి అడుగు కూడా లేదు దాని మీద.

బండకి ఇరవై అడుగుల ఇవతల తెంజీ ఆగిపోయాడు. "నేనిక్కడ తాడు పట్టుకుంటాను," అన్నాడు. గ్యాల్జెన్ బలవంతపెట్టలేదు.

బండ వెనక వైపుకి తిరిగాడు. గాలి లేదు. శబ్దం లేదు.

హర్క కూర్చున్న చోటు గుర్తుపట్టాడు... చిరిగిన గుడారం గుడ్డ మూల ఒకటి బయటికి కనిపిస్తోంది. మిగతాదంతా రాత్రి మంచు నింపేసింది. మనిషి అక్కడున్నాడని చెబితే నమ్మలేనంత సమంగా.

దాని పక్కన ఇంకో గుంట ఉంది.

మోకాళ్ళు ముడుచుకుని బండకి ఆనుకుని ఒక మనిషి కూర్చుంటే ఎంత పడుతుందో, అంత. వీపు ఆనిన చోటు, మడమలు ఊనిన చోటు స్పష్టంగా తెలుస్తున్నాయి. అందులో ఒక్క రేణువు కొత్త మంచు లేదు. దానిలోకి వచ్చిన అడుగులు లేవు. పోయిన అడుగులు లేవు.

గ్యాల్జెన్ చేతి తొడుగు తీశాడు. ఆ ఎత్తున, ఆ చలిలో, ఒంటి వేడికి కరిగిన మంచు మనిషి లేచిన కాసేపటికే గడ్డకట్టి గాజులా అవుతుంది. అది అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. వంగి, గుంట అడుగున వేళ్ళు ఆనించాడు.

గాజులా లేదు.

వేళ్ళకి తడి అంటింది.

"బావా!" కిందనుంచి తెంజీ అరిచాడు. "ఎవరైనా ఉన్నారా?"

గ్యాల్జెన్ వేళ్ళు కోటుకి తుడుచుకున్నాడు. ఫ్లాస్కు ఆ గుంట అంచున నిలబెట్టాడు. తొడుగు వేసుకున్నాడు.

"లేరు," అన్నాడు. "ఇప్పుడే లేచినట్టున్నాడు."